చాదస్తమా, వ్యాధియా?

చేతులు పదే పదే కడుగుకొనువానిని, తలుపునకు తాళము వేసి పదిమారులు లాగి చూచువానిని చూచి నవ్వుట మనకు పరిపాటియైనది. 'చాదస్తము' అను ఒక్క మాటతో ఆ ప్రస్తావమును ముగింతుము. వంగీయులు ఇట్టిదానికే 'శుచిబాయి' అని పేరిడిరి. పేరేదైనను నవ్వు ఒక్కటియే. ఆ నవ్వు వెనుక ఒక మనుష్యుని దినములో గంటలకొలది కాలము హరించిపోవుచున్నదనియు, వాని చదువో, ఉద్యోగమో, సంసారమో క్రమముగా చెడుచున్నదనియు తలచువారు అరుదు. వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనియు, క్లుప్తముగా ఓ.సి.డి. అనియు వ్యవహరించుచున్నారు. ఇది వ్యాధి. దీనికి చికిత్స కలదు. ఆ చికిత్స పల్లెలకును, కూడలి ఊళ్లకును చేరవలసియున్నది. ఈ మూడు విషయములను పాఠకమహాశయులకు నివేదింపదలచితిమి.

ఈ వ్యాధికి రెండంగములు. మొదటిది, కోరకయే మనస్సున చొరబడి వెడలగొట్టినకొలది మరల వచ్చు తలంపు. రెండవది, ఆ తలంపు వలన కలిగిన భయమును అణచుకొనుటకు చేయు క్రియ. విజయవాడనుండి ఏలూరు పోవు జాతీయ రహదారిపై బండి నడుపువాడు హనుమాన్ జంక్షన్ దాటునప్పుడు చక్రము గుంటలో పడినంత మాత్రమున, మనుష్యుడెవడైన క్రింద పడెనేమోయని వెనుకకు మరలును. చూచును, ఎవరును లేరు. మరల బయలుదేరును, మరల శంక పుట్టును. అభయాంజనేయస్వామి ఆలయమున ప్రదక్షిణములు చేయు భక్తుడొకడు లెక్క తప్పెనేమోయని మొదటికి వచ్చును. మరల మొదటికి వచ్చును. పూజాసమయమున దేవుని గూర్చి అపచారపు తలంపు కలిగెనని కుమిలిపోవువారు కలరు. పసిబిడ్డకు తన చేతనే కీడు జరుగునేమోయని కత్తిపీట దాచివేయు తల్లులును కలరు. ఇట్టి తల్లి బిడ్డకు హాని తలపెట్టునది కాదు. హాని యను తలంపునకే తల్లడిల్లునది. తాము చేయునది నిరర్థకమని వీరిలో పెక్కుమందికి తెలిసియే యుండును. తెలిసియు మానలేకపోవుటయే ఈ రోగముయొక్క క్రౌర్యము.

ఇది ఆచారమే కదా, శుచిత్వము మంచిదే కదా యని కొందరు పెద్దలు అందురు. ఆచారమునకు మేర కలదు. శౌచవిధిని చెప్పిన మనువు మృత్తికతో ఏ యంగమును ఎన్నిమారులు శుద్ధి చేసికొనవలయునో లెక్క పెట్టియే చెప్పినాడు. ఆ లెక్క పూర్తియైన పిమ్మట శాస్త్రము తృప్తినొందును. రోగమునకు మాత్రము తృప్తి లేదు. నలుడు పాదప్రక్షాళనము చేసికొనక సంధ్య నుపాసించిన ఒక్కనాడు కలి ఆతనియందు ప్రవేశించెనని భారతకథ. ఆరోగ్యవంతుడు ఆ కథ విని కాళ్లు కడుగుకొని భోజనమునకు కూర్చుండును. రోగి ఆ లోపము తనయందే జరిగినదేమోయని అన్నము మాని కడుగుచునే యుండును. ఆచారమునకును వ్యాధికిని గల భేదము ఇంతియే, ఇంతయు.

మనోదౌర్బల్యమను నిందయు ఇట్టిదే. దినమంతయు భయముతో పోరాడుచు, పైకి తెలియనీయక పనిపాటలు సాగించుకొను మనుష్యునకు మనోబలము తక్కువయని యెట్లందుము? సామాన్యముగా బాల్యమునందో యౌవనారంభమునందో ఈ వ్యాధి తలయెత్తును. వంశపారంపర్యము కొంత, మెదడులో ముందుభాగమునకును లోపలి కేంద్రములకును నడుమ నడచు వ్యవహారమున కలుగు లోపము కొంత కారణములని శాస్త్రజ్ఞులు కనుగొనినారు. ప్రపంచమున నూటికి ఇద్దరు ముగ్గురు తమ జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు దీని వాతబడుచున్నారని అంచనా. ఈ లెక్కన ప్రతి పాఠశాలలోను, ప్రతి వీథిలోను ఇట్టివారు ఉండకపోరు.

ఇక కుటుంబముయొక్క పాత్ర. 'తలుపు వేసితినా?' యని రోగి అడుగును. 'వేసితివి' అని ఇల్లాలు అభయమిచ్చును. ఆ అభయము పావుగంటయైన నిలువదు. మరల ప్రశ్న, మరల అభయము. క్రమముగా ఇంటిల్లిపాదియు రోగి కొరకు బట్టలు మార్చుకొనుచు, వాకిట కాళ్లు కడుగుచు, వాడు చెప్పిన గిన్నెలోనే వండుచుందురు. ప్రేమతో చేయు ఈ సేవయే వ్యాధికి మేపు. చక్రవడ్డీ ఋణమును క్రొత్త ఋణముతో తీర్చినట్లే, ప్రతి అభయమును ముందటి శంకను మరింత పెంచును. అట్లని కసరుటయు, తిట్టుటయు, బలాత్కారముగా మాన్పించుటయు మందు కాదు. 'ఇది నీ రోగమడుగుచున్న ప్రశ్న; దీనికి నేను బదులు చెప్పను; నీకు తోడుగా మాత్రము కూర్చుందును' అనగలుగుట కుటుంబము నేర్వవలసిన విద్య.

చికిత్స విషయమున నిరాశకు తావు లేదు. 1966లో లండనునందు విక్టర్ మేయర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు రోగులను వారు వెఱచు వస్తువునకే ఎదురుగా నిలిపి, పిమ్మట చేయు క్రియను ఆపించి, గుణము కనపఱచెను. ఆ పద్ధతియే నేటికిని ప్రధానమైన మానసిక చికిత్స. మైలయని భయపడువాడు తలుపు గడియను ముట్టును, చేయి కడుగుకొనడు. భయము కాలువకు వరద వచ్చినట్లు పొంగును. కొంతసేపటికి, ఎవరును ఏమియు చేయకయే, అది తీయుటయు జరుగును. తీయకున్నను, దానిని భరించి తన పని తాను చేసికొనగలనని రోగి తెలిసికొనును. స్వల్ప భయముతో ఆరంభించి మెట్టుమెట్టుగా ఎక్కవలయునే గాని ఒక్కసారిగా దుమికించుట కాదు. రోగి సమ్మతి లేక ఒక్క మెట్టైనను ఎక్కింపరాదు.

ఔషధములును కలవు. క్లోమిప్రమీన్ ఈ వ్యాధికి పనిచేయునని 1960వ దశాబ్దపు చివరనే గ్రహించిరి. తరువాత ఫ్లూఆక్సెటీన్ మొదలగునవి వచ్చినవి. వీని గుణము తెలియుటకు రెండు మూడు మాసములు పట్టును. మోతాదు పలుమారు దిగులు వ్యాధికి ఇచ్చుదానికంటె ఎక్కువగా నుండును. పదునైదు దినములు వాడి 'పని చేయలేదు' అని పారవేయుట, కుదుటపడినంతనే వైద్యుని అడుగక ఆపివేయుట మన యిండ్లలో జరుగు పొరపాట్లు. కోలుకొనుట యనగా తలంపులు మరల రాకుండుట కాదు. వచ్చినను వాని ఆజ్ఞకు లోబడకుండుట. నడుమ నడుమ వ్యాధి తిరుగబెట్టవచ్చును. అది ఓటమి కాదు.

ఇట్టి చికిత్స యుండగా రోగి వైద్యుని చేరుటకు ఏండ్లు ఏల పట్టుచున్నవి? సిగ్గు మొదటి కారణము. 2017లో విడుదలైన 'మహానుభావుడు' అను తెలుగు చలనచిత్రమున నాయకునకు ఈ వ్యాధియే. దాని మూలమున ఓ.సి.డి. అను పేరు తెలుగువారి నోట పడినది. దానితోపాటు నవ్వును పడినది. హాస్యమును మేము నిషేధింపుమనుట లేదు. కాని తెరపై నవ్వు రెండు గంటలలో ముగియును. ఇంటిలోని బాధ ముగియదు. పెండ్లి సంబంధములు చెడునను భయమున ఆడపిల్లల వ్యాధిని దాచిపెట్టు తలిదండ్రులు ఈ సంగతి యోచింపవలయును. దాచిన వ్యాధి అత్తవారింట బయటపడక మానదు.

రెండవ కారణము వైద్యుల కొరత. దేశమున లక్షమందికి ఒక మానసిక వైద్యుడైనను లేడని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘమే పేర్కొనినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వ్యయముతో నడచు చికిత్సను ప్రతి పౌరుని హక్కుగా చేసినది. శారీరక రోగములతో సమానముగా భీమా ఇయ్యవలయుననియు శాసించినది. 2022 అక్టోబరు 10వ తేదీన టెలీ మానస్ అను ఉచిత ఫోను సేవ ఆరంభమైనది; దాని సంఖ్య 14416. 2023లో ఏలూరునందును, మచిలీపట్టణమునందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. సాధనములు కొన్ని సమకూడినవనుటకు సందేహము లేదు. కాని మాత్ర వ్రాసి యిచ్చుటకు అయిదు నిమిషములు చాలును. భయమునకు ఎదురు నిలుచుట నేర్పుటకు వారమునకొక గంట చొప్పున మాసములు కావలయును. ఆ గంటను ఇచ్చువారెవరు?

ఇందులకు మేము ప్రభుత్వమును కోరునది మితమైనదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, ఆశా కార్యకర్తలకును ఈ వ్యాధిని గుర్తించు శిక్షణ నిండు. జిల్లా ఆసుపత్రులందు ఈ చికిత్స నేర్చిన మనశ్శాస్త్రజ్ఞులను నియమింపుడు. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ త్రోవలు నాలుగును కలియు హనుమాన్ జంక్షన్ వంటి చోట వారమున కొక్కదినమైన వారు వచ్చి కూర్చుండునట్లు చేయుడు. కూలి మానుకొని పట్టణము పోలేని వానికి త్రోవ ఖర్చే చికిత్సకు అడ్డు. ఔషధములు నడుమ తెగకుండ సరఫరా చేయుడు. 14416 అను సంఖ్యను బస్సు నిలయమునందును, పాఠశాలలందును, ఆలయ ప్రాంగణములందును పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

పాఠకులను కోరునది ఇంకను స్వల్పము. మీ యింట తాళము పదిమారులు లాగి చూచువారున్నచో ఈ మారు నవ్వకుడు, చాదస్తమనకుడు. ఎంతకాలమునుండి ఇట్లు బాధపడుచున్నావని మెల్లగా అడుగుడు. వైద్యునివద్దకు వెంటబెట్టుకొని పొండు.