బడికి పంపమంది చట్టం, మనం నవ్వాం

2024 మే 19 తెల్లవారుజామున పుణెలో ఒక పోర్షే కారు ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణం తీసింది. నడిపింది పదిహేడేళ్ల సంపన్నుల బిడ్డ. జువెనైల్ జస్టిస్ బోర్డు అదే రోజు బెయిలిస్తూ, ప్రమాదాల మీద 300 మాటల్లో వ్యాసం రాసివ్వమంది. రెండు ప్రాణాలకు ఒక కాగితమా అని మండిపడ్డాం. మండిపడాల్సిందే. కానీ అంతటితో ఆగామా? తప్పు చేసిన పిల్లల్ని చదువుతో దారికి తేవచ్చన్న ఆలోచననే వాట్సాప్ జోకుగా మార్చేశాం.

300 మాటలు ఒక పూట పని. అసలది శిక్షే కాదు, బెయిలు షరతు. చదువునే శిక్షగా వేస్తే ఎలా ఉంటుందో అమెరికాలో ఒక కేసు చెబుతుంది. 2016లో వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఐదుగురు కుర్రాళ్లు ఒకప్పటి నల్లజాతి పిల్లల బడి గోడల మీద నాజీ గుర్తులు గీశారు. కోర్టు వాళ్లకు 35 పుస్తకాల జాబితా ఇచ్చి, అందులోంచి నెలకొకటి చొప్పున ఏడాదిపాటు చదివి, ఒక్కోదాని మీదా రాసివ్వమంది. ద్వేషపు రాతలు రాసిన చేతులకు ఆ ద్వేషం చరిత్రలో ఏం చేసిందో చదివే పని పెట్టింది.

మనకలాంటి చట్టం లేదనుకోకండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ చూడండి. కౌన్సెలింగ్, సమాజసేవ, ప్రొబేషన్, గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోం. వీటికి తోడు బడికి వెళ్లాలనో, చేతిపని నేర్చుకోవాలనో బోర్డు ఆదేశించవచ్చు. ఆ చట్టం వచ్చినప్పుడు పత్రికల్లో రాసిన మనకూ, చదివిన మనకూ పట్టింది ఒక్కటే: పదహారు దాటినవాడిని ఘోర నేరాల్లో పెద్దవాళ్లతో సమానంగా విచారించవచ్చన్న మాట. బడి సంగతి ఎవరికీ వార్త కాలేదు.

హోంలో ఉండి పదో తరగతి పాసైన పిల్లవాడు ఇంటర్‌లో చేరడానికొస్తే, మధ్యలో రెండేళ్లు ఏం చేశావని ఆరా తీసేది మనమే. సంగతి బయటపడగానే సీట్లు నిండిపోతాయి. పేరెంట్స్ గ్రూపులో 'వాడి పక్కన మా వాడా?' అని మెసేజ్ పెట్టేదీ మనమే.

ఇక చటాన్‌పల్లి. అత్యాచారానికీ హత్యకూ గురైన పశువైద్యురాలు దిశకు జరిగిన ఘోరం ఎవరి మనసునైనా దహించేదే. 2019 డిసెంబర్ 6న ఆ కేసు నిందితులు నలుగురూ అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలియగానే పోలీసుల మీద పూలు చల్లాం, టపాసులు కాల్చాం, మిఠాయిలు పంచాం. వాళ్ల వయసెంతని అడగలేదు. ఎన్‌కౌంటర్ కథ నమ్మదగ్గది కాదనీ, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక తేల్చింది. బడిలో ఉండాల్సిన వయసులో లారీల మీద ఎందుకున్నారని అప్పుడూ అడగలేదు. డబ్బున్నవాడికి కాగితమిస్తే కోపం, లేనివాడికి తూటా దిగితే పండగ. ఈ రెండింటి మధ్య బడి ఉందని చట్టం చెప్పినా చెవికెక్కించుకోలేదు.

జూన్‌లో అడ్మిషన్లు మొదలవుతాయి. హెడ్మాస్టర్లూ, ప్రిన్సిపాళ్లూ, హోం నుంచి వచ్చిన పిల్లవాడు మీ బడి మెట్లెక్కితే, మార్కులు చూడండి, ఫారం నింపించండి, చేర్చుకోండి.