గోడకూ నేలకూ నడుమ వదలవలసిన సందు

2018 జనవరిలో సింగపూరులో కొన్ని దినాలు ఎడతెరపి లేని వర్షాలు కురిసి, రాత్రి ఉష్ణోగ్రత 22 డిగ్రీల ప్రాంతానికి దిగివచ్చింది. ఏడాది పొడుగునా 25, 32 డిగ్రీల నడుమ కాలం గడిపే ఆ ద్వీపానికి అదే చలికాలం. ఆ రోజులలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్.డి.బి. వారి ఫ్లాట్లలో అనేకచోట్ల నేలమీది టైల్సు చప్పుడుతో పైకి లేచి పగిలిపోయాయి. ఇటువంటివి జరిగినపుడు నింద టైల్సు మీదనో, వాటిని పరచిన మేస్త్రీ మీదనో పడటం సహజం. ఆ నిందలో కొంత నిజం ఉండవచ్చును. కాని చాలా ఇళ్ళలో ఎవరూ గమనించని దోషం మరొకటి ఉంటుంది. నేల వెళ్ళి గోడను తాకే చోట వదలవలసిన సందును వదలకపోవడం, లేదా వదిలిన సందును సిమెంటుతో పూడ్చివేయడం.

నేల కదలదని అనుకోవడం పొరపాటు. కొత్త కాంక్రీటు ఆరుతున్నకొద్దీ మీటరుకు 0.3 నుండి 0.6 మిల్లీమీటర్ల వరకు కుంచించుకుపోతుంది. దానిపై పరచిన టైలు ఇందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. కొలిమిలో కాలి పూర్తిగా పొడిబారిన మట్టి, బయటకు వచ్చిన నాటినుండి గాలిలోని తేమను పీలుస్తూ సంవత్సరాల తరబడి అతి మెల్లగా పెరుగుతుంది. నీరు పీల్చే రకాలలో ఈ పెరుగుదల మీటరుకు అర మిల్లీమీటరు వరకు ఉండవచ్చును. నీరు దాదాపుగా పీల్చని పోర్సెలిన్ రకాలలో ఇది స్వల్పం. అడుగున ఉన్నది తగ్గుతూ, పైనున్నది పెరుగుతూ ఉంటే, నాలుగు గోడల మధ్య బిగించిన టైల్సు వరుస ఒకదానినొకటి నెట్టుకొంటూ ఒత్తిడిని కూడబెడుతుంది.

ఇక చలి సంగతి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే కాంక్రీటు మీటరుకు సుమారు 10 మైక్రాన్లు, టైలు 6 లేక 7 మైక్రాన్లు ముడుచుకొంటాయి. 5 మీటర్ల హాలులో నేల 6 డిగ్రీలు చల్లబడితే రెండింటికీ తేడా 0.1 మిల్లీమీటరు మాత్రమే. అయినా అప్పటికే బిగుసుకొని ఉన్న నేలకు అది మూలిగే నక్కపై పడిన తాటిపండు. 60 సెంటీమీటర్ల టైల్సు రెండింటిని ఒక మిల్లీమీటరు చోటు తక్కువైన జాగాలో ఇరికిస్తే, కలిసేచోట అవి దాదాపు 25 మిల్లీమీటర్ల ఎత్తు లేవక తప్పదని సాధారణ గణితమే చెబుతుంది. నేలపై పాకే పిల్లలకూ, వట్టి కాళ్ళతో నడిచే పెద్దలకూ ఆ అంచు ప్రమాదకరం.

తెలుగునాట పాత ఇళ్ళలో కడప బండలు, నాపరాళ్ళు పరచి నడుమ సున్నం కూరేవారు. సున్నం సిమెంటు అంత కఠినం కాదు, కాస్త కదలికను ఓర్చుకొంటుంది. ఆ సందులు వికారంగా ఉంటాయని నేటివారి అభిప్రాయం. రైలుపట్టాల మధ్య సందు ఎందుకు వదులుతారో హైస్కూలులో వర్ణించి మార్కులు తెచ్చుకొన్నవారే, స్వంత హాలులో గీత కూడా కనపడకుండా టైల్సు అతికించమని కాంట్రాక్టరును కోరుతున్నారు. ఇది అందం గురించిన అభిరుచి కావచ్చునేమో గాని, విజ్ఞానం మాత్రం కాదు. గోడ చుట్టూ 5, 6 మిల్లీమీటర్ల సందు వదిలినా స్కర్టింగ్ దానిని కప్పివేస్తుంది, చూపుకు ఏ లోటూ ఉండదు. పొడవైన గదులలోనూ, ఎండ తగిలే బాల్కనీలలోనూ నడుమ మరికొన్ని మెత్తని అతుకులు ఉండాలి. ఎండ, తేమ తగిలే నేలకు 2.4 నుండి 3.7 మీటర్లకు ఒకటి చొప్పున ఉండాలని అమెరికన్ టైల్ పరిశ్రమ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

స్నానాలగదిలో సందును ఖాళీగా ఉంచే వీలు లేదు, నీరు దిగుతుంది. అక్కడ కావలసినది సిలికోన్. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చిన గొలుసే దీని వెన్నెముక. ఆ బంధాలు సులభంగా వంగి తిరుగుతాయి కనుక మంచి రకం సిలికోన్ సందు వెడల్పులో నాల్గవ వంతు మేరకు సాగి, తిరిగి ముడుచుకోగలదు. సిమెంటు ఆ పని చేయలేక వెంట్రుకవాసి చీలికలు ఇస్తుంది. గొట్టంనుండి తీయగానే వెనిగర్ వాసన వచ్చే చౌక రకం గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం పాలరాతినీ, సిమెంటునూ తింటుంది కనుక అటువంటి చోట్ల న్యూట్రల్ రకాన్నే అడిగి తీసుకోవాలి. సిలికోన్ రెండు అంచులకు మాత్రమే అంటుకోవాలి, అడుగుకు కూడా అంటుకొంటే సాగలేక చిరుగుతుంది. అందుకే లోపల ముందుగా నురుగు తాడు దూర్చి, దానిపై నింపుతారు.

అయితే సిలికోన్ పూస్తే గది జలనిరోధకమైపోతుందని భావించరాదు. నీటిని నిజంగా ఆపేది టైల్సు అడుగునున్న వాటర్‌ప్రూఫ్ పొర. కొత్త ఫ్లాట్లలో 3 సంవత్సరాలపాటు స్నానాలగది టైల్సు పెకలించరాదని హెచ్.డి.బి. నిబంధన పెట్టినది ఆ పొరను కాపాడటానికే. అది చెడితే క్రింది ఇంటివారి కప్పు కారుతుంది. అరుగుదల వల్ల కలిగే అటువంటి లీకుకు పై ఇంటివారు, క్రింది ఇంటివారు ఉభయులూ బాధ్యులే. ఇరుగుపొరుగు మైత్రి చెడటానికి ఇంతకన్నా సులభమైన మార్గం లేదు.

రంగులకూ దీపాలకూ వేల డాలర్లు వెచ్చించే తెలుగు కుటుంబాలు కొన్ని డాలర్ల సిలికోన్ గొట్టం గురించి కాంట్రాక్టరును ఒక్క ప్రశ్న అడగవు. అడగవలసిన సమయం టైల్సు పరచడానికి ముందు. కోట్ కాగితంలో గోడ వద్ద ఎంత సందు, దేనితో నింపుతారు అన్నది వ్రాయించుకోవాలి.

పాత సిలికోన్ నల్లబడి బూజు పట్టినపుడు దానిపైనే కొత్తది పూయించుకోవడం వృథా. బూజు పట్టిన పాత సిలికోన్‌కు కొత్తది సరిగా అంటుకోదు. పాతదానిని మొదలంటా గీకి, తుడిచి, చోటు పూర్తిగా ఆరిన తరువాతనే కొత్తది నింపాలి. అది గాలిలోని తేమతో పైనుండి లోపలికి, రోజుకు 2, 3 మిల్లీమీటర్ల మేర గట్టిపడుతుంది. కనీసం ఒక దినం నీరు తగలనీయరాదు. కాబట్టి రెండు స్నానాలగదులున్నవారు ఒకదాని తరువాత ఒకటి చేయించుకోవడం మేలు, అదీ సంక్రాంతికి బంధువులు దిగే ముందురోజు కాకుండా.