సాక్షికి డైలాగులు రాసివ్వకండి

రాజ్యాంగ దినోత్సవం దగ్గరపడితే బడుల్లో మాక్ కోర్టుల సందడి మొదలవుతుంది. గలగలా మాట్లాడే పిల్లలకు నల్లకోట్లు తొడిగి లాయర్లను చేస్తాం. జడ్జి కుర్చీ క్లాసు ఫస్టుకి. మిగిలిన పిల్లలు సాక్షులు. వాళ్ల చేతిలో నాలుగు వాక్యాల కాగితం పెట్టి బట్టీ పట్టమంటాం. సోషల్ టీచరుగా నా అభ్యంతరం దీనిమీదే. ఈ పిల్లల్లో రేపు లాయర్లయ్యేది ఏ ఒకరిద్దరో. బోనెక్కి సాక్ష్యం చెప్పాల్సిన రోజు మాత్రం ఎవరికైనా రావచ్చు.

మా క్లాసులో సాక్షికి డైలాగులుండవు. సైకిల్ దొంగతనం కేసులో టీకొట్టు ఆమెగా వేసే అమ్మాయికిచ్చే కాగితంలో ఆమె ఎక్కడుంది, ఏం చూసింది, ఏం విన్నది, ఏం చూడలేదు అన్నవే ఉంటాయి. దాంతో పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్తాను. కొట్టు ఉండే చోట ఒకరిని, సైకిల్ స్టాండు దగ్గర ఇంకొకరిని నిలబెడతాను. ఇక్కణ్ణుంచి మొహం ఆనవాలు దొరుకుతుందా, చొక్కా రంగేనా? పొద్దుగూకాకైతే? జవాబులు వాళ్లే తేల్చుకుంటారు.

ఒకసారి ఆ అమ్మాయిని ముద్దాయి తరఫు లాయరు క్రాస్ ఎగ్జామిన్ చేశాడు.

"ముద్దాయి మొహం మీరు చూడలేదు కదా?"

"చూడలేదండి. వీపే చూశాను. ఎడమకాలు ఈడుస్తూ నడిచాడు."

"మరి అతనే అని ఎలా చెబుతున్నారు?"

"అతనే అని నేను చెప్పలేదండి."

ప్రాసిక్యూషన్ లాయరుగా ఉన్నవాడికి ఉక్రోషం వచ్చింది. "మన కేసు పాడుచేసింది టీచర్!" అన్నాడు. సాక్షి నీ పార్టీ మనిషి కాదురా, తను చూసింది చెప్పడానికి వచ్చిన మనిషి అని చెప్పాను. ఆ పీరియడంతా దానిమీదే వాదించుకున్నారు. పాఠం చెబితే అంత వాదన వచ్చేది కాదు.

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. మూలసూత్రం మారలేదు: కంటితో చూసిన సంగతైతే చూసినవాళ్లే చెప్పాలి, చెవితో విన్నదైతే విన్నవాళ్లే చెప్పాలి. అందుకే "దొంగ అతనేనని మా పిన్ని చెప్పిందండి" అని సాక్షి అనగానే ఎదుటి లాయరు లేచి అభ్యంతరం చెప్పాలి. సాక్ష్యానికి కనీస వయసంటూ చట్టం పెట్టలేదని, ప్రశ్న అర్థం చేసుకుని సరిగా జవాబివ్వగలిగితే చిన్నపిల్లలైనా చెప్పవచ్చని తెలిస్తే వీళ్ల మొహాలు వెలుగుతాయి.

అన్నిటికన్నా కష్టం "తెలియదు" అనిపించడం. తెలియదంటే తిట్లు పడతాయని మనమే వాళ్లకి ఏళ్ల తరబడి నేర్పాం. అందుకే రిహార్సల్లో కాగితంలో లేని ప్రశ్నలు కావాలనే వేస్తాను. ఏదో ఒకటి కల్పించి చెప్పబోయి, ఆగి, "గుర్తులేదండి" అన్న పిల్లాణ్ణి చూస్తే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

ఈ నవంబరు 26న మాక్ కోర్టు పెట్టే టీచర్లను ఒకటి కోరుతున్నాను. ఉత్తమ లాయరుతో పాటు ఉత్తమ సాక్షికీ బహుమతి పెట్టండి. తీర్పు ఎవరి వైపు వచ్చిందో చూడకుండా, క్రాస్‌లో ఎంత గుచ్చి అడిగినా చూసినదానికి ఒక్క మాటా కలపని పిల్లలకే ఇవ్వండి.