కథకు కాళ్లుండాలి

1986 డిసెంబరులో అమెరికన్ హాస్య కార్యక్రమం ‘సాటర్‌డే నైట్ లైవ్’లో ఒక స్కిట్ ప్రసారమైంది. ‘స్టార్ ట్రెక్’ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ అభిమానుల సభకు విలియం షాట్నర్ అతిథిగా వస్తాడు. అందులో కెప్టెన్ కిర్క్ పాత్ర వేసిన నటుడు ఎదురుగా నిలబడేసరికి అభిమానులు ఎగబడి ప్రశ్నలడుగుతారు. ఫలానా ఎపిసోడ్‌లో మీరు ఇనప్పెట్టె తెరిచారు కదా, దాని నంబరేమిటని ఒకతను అడుగుతాడు. షాట్నర్‌కు చిర్రెత్తుకొస్తుంది. అదొక టీవీ షో మాత్రమే, పోయి మీ బతుకులు చూసుకోండని మొహానే చెబుతాడు. జనం పడీపడీ నవ్వారు.

ఆ స్కిట్‌కు దాదాపు నలభై ఏళ్లు. అందులో చెప్పిన తీర్పు మాత్రం ఇప్పటికీ చెల్లుబాటవుతూనే ఉంది. ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో మొదటి సీజన్‌లో చెప్పినదానికీ మూడో సీజన్‌లో చూపించినదానికీ పొసగడం లేదని ఎవరైనా అంటే చాలు, ‘కథే కదా, వదిలెయ్’ అన్న జవాబు వస్తుంది. మన దగ్గర దీనికి సామెత కూడా సిద్ధంగా ఉంది: కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు. సమీక్షకులు ఇదే మాటను కాస్త మర్యాదగా చెబుతారు. లొసుగులు వెతికేవాళ్లకు కథ పట్టదట, పాత్రల బాధ అందదట, లెక్కలే కావాలట. ఈ అభిప్రాయం తప్పు. పైకి అభిమానులను చిన్నబుచ్చుతున్నట్టు కనిపించినా, నిజానికి ఇది సైన్స్ ఫిక్షన్‌ను బుర్ర పక్కన పెట్టి చూడాల్సిన సరుకుగా జమకడుతోంది.

ముందు ‘కథ పట్టదు’ అన్న ఆరోపణ సంగతి చూడాలి. ‘స్టార్ ట్రెక్’ పొరపాట్లలో బాగా పేరుపడ్డది ప్రతినాయకుడు ఖాన్, ఓడ సిబ్బందిలో ఒకడైన చెకోవ్‌లది. ఖాన్ తొలిసారి కనిపించిన ‘స్పేస్ సీడ్’ ఎపిసోడ్ 1967 ఫిబ్రవరిలో వచ్చింది. చెకోవ్ పాత్ర సిరీస్‌లో అడుగుపెట్టింది అదే ఏడాది సెప్టెంబరులో, రెండో సీజన్‌తో. 1982 నాటి ‘ద రాత్ ఆఫ్ ఖాన్’ సినిమాలో మాత్రం ఖాన్ చెకోవ్‌ను చూడగానే గుర్తుపడతాడు. ఆ మొహం తనకు బాగా గుర్తుందంటాడు. తెరమీద ఎన్నడూ ఎదురుపడని మనిషి ఎలా గుర్తున్నాడు? అప్పటికే చెకోవ్ ఓడలో ఇంకో విభాగంలో పనిచేస్తూ ఉంటాడని, కెమెరా అటు వెళ్లలేదని అభిమానులే సర్దిచెప్పుకున్నారు. ఈ తప్పును పట్టుకున్న అభిమానులే ఆ సినిమాను ‘స్టార్ ట్రెక్’ సినిమాలన్నిటిలో మేటిగా నిలబెట్టారు. అందులో కిర్క్ స్నేహితుడు స్పాక్ మరణానికి కన్నీళ్లు పెట్టుకున్నదీ వాళ్లే. కన్ను పొరపాటును చూసినంత మాత్రాన మనసు మూసుకుపోదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఏ తప్పు ఎంత బరువైనదో కూడా వాళ్లకు తెలుసు. ‘వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్’ ఎపిసోడ్‌లో సమాధి రాయి మీద కిర్క్ పేరు మధ్య అక్షరం ‘ఆర్’ అని ఉంటుంది. తర్వాత అంతా ‘టి’. దీన్ని సరదాగా గుర్తుచేసుకునేవాళ్లే తప్ప, దీనివల్ల సిరీస్ చెడిందన్నవాళ్లు లేరు. కథ కుంటుపడిన చోటనే గొంతు లేచింది.

అలాంటి చోటు ‘స్టార్ ట్రెక్: వాయేజర్’లో ఉంది. 1995 జనవరిలో మొదలైన ఈ సిరీస్, భూమికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయిన ఓడ కథ. ఎంత వేగంగా వెళ్లినా ఇల్లు చేరడానికి 75 ఏళ్లు పడుతుంది. దారిలో రేవు లేదు, మరమ్మతు కేంద్రం లేదు, సాయానికి వచ్చే ఓడ లేదు. మొదటి సీజన్‌లోని ‘ద క్లౌడ్’ ఎపిసోడ్‌లో, ఓడలో ఉన్నవి 38 ఫోటాన్ టార్పెడోలేనని, అవి వాడేస్తే మళ్లీ సమకూర్చుకునే దారి లేదని చెప్పారు. ప్రేక్షకులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏడు సీజన్లు ముగిసేలోగా 38 ఎప్పుడో దాటిపోయింది. కొత్తవి ఎక్కడినుంచి వచ్చాయో కథ పట్టించుకోలేదు.

దీన్ని చాదస్తం అనేవాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. 38 అన్న అంకెను ప్రేక్షకుడు కల్పించలేదు, రచయితే ఇచ్చాడు. ఉన్నది తక్కువ, పోతే రాదు అని చెప్పి భయాన్ని నాటింది రచయితే. ఆ మాట నిలబడితే కెప్టెన్ జేన్వే ఇచ్చే ప్రతి కాల్పుల ఆదేశమూ రేపటి ప్రాణాల్లో కొంత ఖర్చుచేయడమవుతుంది. మాట తప్పిన మరుక్షణం ఆ ఆదేశానికి బరువు పోతుంది. టార్పెడోలు లెక్కపెట్టిన అభిమాని కథను గాలికొదిలి అంకెల వెంట పడ్డాడనడం అన్యాయం. కథ వదిలేసిన దాన్ని అతను పట్టుకున్నాడు.

లోపల పనిచేసిన రచయితకూ ఇదే అనిపించింది. రోనాల్డ్ డి. మూర్ దాదాపు పదేళ్లు ‘స్టార్ ట్రెక్’ సిరీస్‌లకు రాసి, 1999లో కొద్దికాలం ‘వాయేజర్’లో పనిచేసి బయటికొచ్చాడు. తను చెప్పుకున్న కథావస్తువుకే ఆ సిరీస్ నిజాయితీగా లేదని, ఇన్ని కష్టాల్లోనూ ఓడ కొత్తదానిలా మెరుస్తూ ఉంటుందని బహిరంగంగానే విమర్శించాడు. తర్వాత అతను తీసిన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ 2003లో మినీ సిరీస్‌గా మొదలై 2009 వరకు నడిచింది. అందులో మానవజాతి మొత్తంలో మిగిలింది యాభై వేల మంది. ‘33’ అన్న ఎపిసోడ్‌లో శత్రువు ప్రతి 33 నిమిషాలకూ విరుచుకుపడుతుంటాడు. బతికున్నవాళ్ల సంఖ్యను అధ్యక్షురాలు రోజ్లిన్ ఒక తెల్లబోర్డు మీద తగ్గిస్తూ వస్తుంది. చివర్లో ఒక బిడ్డ పుట్టిందన్న కబురు అందుతుంది. రోజ్లిన్ ఆ సంఖ్యకు ఒకటి కలుపుతుంది. ఒక అంకె మారడం చూసి ప్రేక్షకుడి గుండె పొంగుతుంది. లెక్కకు కట్టుబడితే ఉద్వేగం ఎండిపోతుందనేవాళ్లకు ఆ ఒక్క సన్నివేశం చాలు.

‘టీవీ వాళ్ల ఇబ్బందులు మీకేం తెలుసు’ అన్నది మరో వాదన. ఇబ్బందులు నిజమే. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన ‘డాక్టర్ హూ’ తీసినవాళ్లు, తమ ఎపిసోడ్లను ఎవరైనా మళ్లీ చూస్తారని ఊహించలేదు. అందుకే 1967లో ‘ది అండర్‌వాటర్ మెనేస్’లోనూ, 1971లో ‘ద డీమన్స్’లోనూ, 1972లో ‘ద టైమ్ మాన్‌స్టర్’లోనూ అట్లాంటిస్ నాశనానికి మూడు వేర్వేరు కారణాలు చెప్పారు. పాత టేపులను బీబీసీ తానే చెరిపేసింది. అరవైల నాటి ఎపిసోడ్లలో తొంభైకి పైగా ఇప్పటికీ దొరకలేదు. కానీ పోయిన ప్రతి ఎపిసోడ్ శబ్దమూ మిగిలే ఉంది. ప్రసారమవుతుండగా ఇళ్లలో టేప్ రికార్డర్లు పెట్టి అభిమానులు రికార్డు చేసుకోవడం వల్లే అది సాధ్యమైంది. సంస్థ పారేసుకున్నదాన్ని దాచిపెట్టింది చిన్న వివరాన్ని కూడా వదలని ఆ శ్రద్ధే. అమెరికాలోనూ అంతే. ‘స్టార్ ట్రెక్’ను రద్దు చేయవద్దని 1967-68లో ఉత్తరాల ఉద్యమం నడిపిన బీజో ట్రింబుల్, ఆ సిరీస్‌లోని పాత్రలు, గ్రహాలు, ఓడలన్నిటికీ వివరసూచిక తయారుచేసి 1969లో సొంతంగా అచ్చువేశారు. 1976లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని పుస్తకంగా తెచ్చింది.

అభిమానులు వేసిన లెక్క ఒక్కోసారి కథకే ఊపిరి పోసింది. ‘డాక్టర్ హూ’లో ప్రధాన నటుడు మారినప్పుడల్లా డాక్టర్ చనిపోబోయి కొత్త దేహంతో లేస్తాడు. అలా పన్నెండుసార్లే సాధ్యమని 1976లో ‘ద డెడ్లీ అసాసిన్’లో చెప్పారు. అప్పటికి నాలుగో డాక్టరే నడుస్తున్నాడు కాబట్టి రాసినవాళ్లకు ఆ హద్దు ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. అభిమానులు మాత్రం మరిచిపోలేదు. మ్యాట్ స్మిత్‌ను పదకొండో డాక్టర్ అంటున్నా, జాన్ హర్ట్ వేసిన డాక్టర్‌నూ, పదో డాక్టర్ మొహం మారకుండా ఖర్చుచేసుకున్న ఒక జన్మనూ కలిపితే హద్దు వచ్చేసింది. 2013 క్రిస్మస్‌కు వచ్చిన ‘ద టైమ్ ఆఫ్ ద డాక్టర్’లో రచయిత స్టీవెన్ మాఫట్ ఈ లెక్కనే కథ చేశాడు. ఇక మరో జన్మ లేదని తెలిసిన డాక్టర్ ఒక చిన్న ఊరిని కాపాడుతూ వందల ఏళ్లు అక్కడే ముసలివాడవుతాడు. ‘కథే కదా’ అనుకుని ఆ పాత నియమాన్ని పక్కన పెట్టి ఉంటే ఆ ముసలితనానికి అర్థమే ఉండేది కాదు. చివరికి అతనికి కొత్త జన్మలు దొరుకుతాయి, అయితే అతని కోసం ఒకరు అడగాల్సి వస్తుంది. నియమాన్ని సడలించవచ్చు, దానికి కథ మూల్యం చెల్లించాలి. అభిమానుల డిమాండ్ ఇంతకుమించి లేదు.

పుస్తకాల్లోనూ ఇందుకు ఉదాహరణ ఉంది. లారీ నివెన్ 1970లో రాసిన ‘రింగ్‌వరల్డ్’లో ఒక నక్షత్రం చుట్టూ కట్టిన మహా వలయం ఉంటుంది. 1971లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలో ఎంఐటీ విద్యార్థులు ఆ వలయానికి స్థిరత్వం లేదని వరండాల్లో నినాదాలు చేశారు. వాళ్లు చెప్పింది భౌతికశాస్త్ర ప్రకారం నిజం. అలాంటి వలయం కాస్త పక్కకు జరిగితే ఇంకా జరుగుతూ పోయి నక్షత్రాన్ని ఢీకొంటుంది. నివెన్ అలగలేదు. పదేళ్లకు వచ్చిన ‘ద రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్’లో వలయాన్ని స్థానంలో నిలిపే యంత్రాలను కల్పించి, అవి పనిచేయని ఆపదనే కథకు మూలం చేసుకున్నాడు.

ఈ చర్చల్లో చెడు లేదని ఎవరూ అనలేరు. సినిమా నడుస్తుంటే పక్కన తప్పుల మీటరు తిప్పుతూ, చిన్నదీ పెద్దదీ ఒకే గాటన కట్టే వీడియోలు విమర్శ కావు. పాత కథకు విరుద్ధమన్న నెపంతో నటులనూ రచయితలనూ దూషించడం చర్చ కానే కాదు, దాని పేరు వేధింపు. కానీ అడ్డదిడ్డంగా మాట్లాడేవాళ్లను చూపించి, శ్రద్ధగా ప్రశ్నించేవాళ్ల నోరు మూయించడం ఏం న్యాయం?

శ్రద్ధగా అడిగేవాళ్లు తెర వెనుక కష్టాన్నీ అర్థం చేసుకుంటారు. ‘బాబిలాన్ 5’ సిరీస్ (1993-98) ఇందుకు సాక్ష్యం. జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ ఐదేళ్ల కథను ముందే ఆలోచించుకుని, 110 ఎపిసోడ్లలో 92 తానే రాశాడు. మొదటి సీజన్ తర్వాత కథానాయకుడు మైకేల్ ఒహేర్ తప్పుకోవడంతో ప్రణాళిక తలకిందులైంది. ఏ నటుడు వెళ్లినా కథ ఆగకుండా ఉండేందుకు ముందే దారులు పెట్టుకున్నాడు కాబట్టి నిలదొక్కుకున్నాడు. 1994లో ‘బాబిలాన్ స్క్వేర్డ్’లో వేసిన కాలప్రయాణపు ముడిని, ఒహేర్‌ను మళ్లీ పిలిపించి 1996లో ‘వార్ వితౌట్ ఎండ్’లో విప్పాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అతుకులు కనిపిస్తాయి. అభిమానులు వాటిని చూశారు, చర్చించారు. ఒహేర్ తీవ్రమైన మానసిక అనారోగ్యంతో పోరాడుతూ నటించాడని అతని మరణానంతరం 2013లో స్ట్రజిన్‌స్కీ చెప్పాక, ఆ అతుకులను మరింత గౌరవంతో చూశారు.

తెలుగువాళ్లకు ఈ అలవాటు కొత్తది కాదు. ఉషశ్రీ విజయవాడ ఆకాశవాణి నుంచి రామాయణ భారతాలు చెప్పిన రోజుల్లో, శ్రోతల సందేహాలకు ఆయన జవాబులిచ్చిన ‘ధర్మసందేహాలు’ కార్యక్రమం కోసం ఇళ్లల్లో రేడియోల ముందు కూర్చునేవాళ్లు. అక్కడ అలా అన్నాడు, ఇక్కడ ఇలా చేశాడేమిటని అడిగినవాళ్లకు ‘కథే కదా’ అన్న జవాబు రాలేదు. భారతం మీద మమకారం ఉంది గనకనే అడుగుతున్నారని ఆయనకు తెలుసు. సినిమా దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘లాజిక్ వెతకొద్దు’ అన్న మాటను నిర్మాతల దగ్గర్నుంచి ప్రేక్షకుల దాకా అందరూ ఒప్పేసుకున్నారు.

ఆ ఒప్పందాన్ని ఇప్పుడు రద్దు చేసుకోవాలి. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ పేరులోనే లెక్క ఉంది. మహాభారత కాలం నుంచి ఆరు వేల ఏళ్ల కథ ఇదని దర్శకుడు నాగ్ అశ్విన్ స్వయంగా చెప్పారు. కర్ణార్జునుల్లో ఎవరిని ఎక్కువ చేశారన్న దానిమీద ప్రేక్షకులు భారతాన్ని ముందేసుకుని వాదించుకున్నారు. 2025 సెప్టెంబరులో, రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ప్రకటించింది. ఆమె వేసిన సుమతి పాత్ర గర్భంలోని బిడ్డ చుట్టూనే మొదటి భాగమంతా తిరిగింది. ఇలాంటి చిక్కునే స్ట్రజిన్‌స్కీ మూడు దశాబ్దాల కిందట ఎదుర్కొన్నాడు. సుమతి ఏమైంది, అశ్వత్థామ కాపలాకు ఇప్పుడు అర్థమేమిటి, కథానాయకుడు భైరవకు దొరికిన బలానికి హద్దులేమిటి అన్న ప్రశ్నలు రెండో భాగం విడుదలైన రోజు ఉదయం ఆటకే పుడతాయి. వాటికి జవాబులు స్క్రిప్టు దశలోనే రాసుకుని రావడం తీసేవాళ్ల పని. రాసుకున్నారో లేదో సన్నివేశం సన్నివేశంగా అడిగి తేల్చడం చూసేవాళ్ల హక్కు.