కరువు ఏడు వస్తేనే పగ్గాలా?

మా కదిరి ప్రాంతంలో వాన పడి వేరుశనగ పండిన ఏడు సేద్యం మగవాడిది. వాన మొహం చాటేసిన ఏడు మగవాళ్లు బెంగళూరుకో, కేరళకో కూలికి పోతారు. ఎండిన చేను, పశువులు, అప్పులు ఆడమనిషికి మిగులుతాయి. మన రాజకీయ పార్టీలు స్త్రీలకు నాయకత్వం ఇచ్చే తీరు చూస్తే నాకు ఈ సేద్యమే గుర్తొస్తుంది.

వై.ఎస్. షర్మిలనే తీసుకుందాం. 2012-13లో, అన్న జైల్లో ఉన్నప్పుడు, ఆయన పార్టీ కోసం ఆమె మూడు వేల కిలోమీటర్లకు పైగా నడిచారు. 2014లోగానీ 2019లోగానీ ఆ పార్టీ అభ్యర్థి కాలేదు. 2021లో తెలంగాణలో సొంత పార్టీ పెట్టారు. 2024 జనవరిలో దాన్ని కాంగ్రెస్‌లో కలిపాక ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. అప్పటికే ఆ పార్టీకి రెండు శాసనసభ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. దగ్గుబాటి పురందేశ్వరికి 2023 జులైలో రాష్ట్ర బి.జె.పి. పగ్గాలు ఇచ్చినప్పుడూ అంతే. 2019లో ఆ పార్టీకి ఇక్కడ ఒక శాతం ఓట్లు కూడా లేవు. 2024లో పొత్తుతో మూడు లోక్‌సభ, ఎనిమిది శాసనసభ స్థానాలు వచ్చాయి. 2025 జులైలో ఆ కుర్చీలోకి మళ్లీ ఒక పురుషుడు వచ్చారు. అధ్యక్షులు మారడం మామూలే. కానీ పంట వచ్చాక చేను ఎవరి చేతికి పోయిందో గమనించకుండా ఉండలేం.

వాళ్లిద్దరూ ముఖ్యమంత్రుల కూతుళ్లు కదా అని మీరనవచ్చు. నిజమే. నా బాధా అదే. తండ్రి పేరు లేని స్త్రీకి ఎండిన చేను కూడా దొరకడం లేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. కెనడాలో అలెక్సా మెక్‌డోనా అనే సామాజిక కార్యకర్త 1980లో నోవా స్కోషియా రాష్ట్రంలో న్యూ డెమోక్రటిక్ పార్టీ నాయకురాలయ్యారు. 1981 ఎన్నికల్లో ఆ పార్టీ నుంచి గెలిచింది ఆమె ఒక్కరే. 1993లో ఆ పార్టీ దేశ పార్లమెంటులో తొమ్మిది సీట్లకు పడిపోయింది. 1995లో జాతీయ నాయకత్వం ఆమెకు దక్కింది. 1997లో ఆమె దాన్ని ఇరవై ఒక్క సీట్లకు తెచ్చారు. ఎండిన చేనుకు కూడా ఓపికగా నీళ్లు పెట్టగలమని స్త్రీలు రుజువు చేస్తూనే ఉన్నారు. ఆ రుజువు ఇంకెన్నిసార్లు ఇవ్వాలి?

మొన్న మా సంఘం సమావేశంలో ఒక మాజీ ఎం.పి.టి.సి. సభ్యురాలు అంది: "సీటు నాకొచ్చిందక్కా, బి-ఫారం మాత్రం మా ఆయన చేతికిచ్చినారు." ఆ ఒక్క మాటలో అంతా ఉంది. స్థానిక సంస్థల్లో మన రాష్ట్రంలో సగం స్థానాలు మనవి. చట్టసభల్లో మూడో వంతుకు 2023లో చట్టమూ వచ్చింది, కానీ దాన్ని జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. సీట్ల మాట అలా ఉండగా, పార్టీల లోపలి సంగతి ఏ చట్టమూ పట్టించుకోలేదు. పార్టీలను నమోదు చేసే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, మీ కమిటీల్లో స్త్రీలు ఎందరని అడగదు.

అందుకే మనం ఇన్నాళ్లూ సీటు అడిగిన గొంతుతోనే ఇప్పుడు బి-ఫారం రాసే చేతినీ అడగాలి. మండల కమిటీ నుంచి రాష్ట్ర కమిటీ దాకా, ముఖ్యంగా అభ్యర్థులను ఎంపిక చేసే కమిటీలో, సగం మంది స్త్రీలుండాలని ప్రతి పార్టీనీ నిలదీయాలి. వానలు పడే ఏడు కూడా పగ్గాలు మన చేతిలో ఉండాలి.