ఇరవై శాతంలో మన ఊరెక్కడ?

గత మాసంలో ఒక పని మీద కాటారం నుండి నా ఎలక్ట్రిక్ స్కూటరుపై బయలుదేరాను. పని జరిగే చోట బండ్లు నిలిపే స్థలమున్నది. పది రూపాయలు తీసుకొని చీటీ ఇచ్చారు. "నాయనా, ఇక్కడ ప్లగ్గు ఏమైనా ఉన్నదా?" అని అడిగితే, "సార్, ఇది బండ్లు వెట్టే జాగ, కరంటిచ్చే జాగ గాదు" అన్నాడు కాపలా మనిషి. అతని తప్పేమీ లేదు. చివరకు ఎదురుగా టిఫిను హోటలు నడుపుతున్న నా పూర్వశిష్యుడు పిండి రుబ్బే గ్రైండరు తీగ పీకి నా బండికి దారి చూపాడు. గురుదక్షిణగా కరెంటు పుచ్చుకొన్న తొలి తెలుగు పండితుడను నేనేనేమో!

'విద్యుత్పూరణ కేంద్రం' అని వ్రాయాలని ఉన్నది గాని, మా మనుమడు నవ్వుతాడు. కనుక ఛార్జింగు అనే వ్రాస్తాను.

నియమాలు లేవా అంటే, ఉన్నవి. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019 ఫిబ్రవరిలో నమూనా భవన నిబంధనలను సవరించి, భవనాల పార్కింగులో ఇరవై శాతం వాహనాలకు ఛార్జింగు వసతి ఉండాలన్నది. విద్యుత్ శాఖ 2018లోనే ఛార్జింగు కేంద్రం పెట్టడానికి లైసెన్సు అక్కరలేదన్నది. 2019 మార్గదర్శకాలలో నగరాలకు మూడు కిలోమీటర్ల గడికొకటి, రహదారులకు ఇరువైపులా పాతిక కిలోమీటర్లకొకటి అని లెక్క కట్టింది. మన రాష్ట్రప్రభుత్వమూ 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు ఈ వాహనాలకు రహదారి పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును మాఫీ చేసింది. అంటే కొనమని ప్రోత్సహించడం అయినది. కొన్నవాడు పోయిన చోట బండి ఎట్లా నింపుకోవాలన్నదే మిగిలినది.

ఈ నియమాలలోని లోపమేమిటో గమనించండి. ఇరవై శాతం లెక్క అనుమతి పత్రంతో లేచే పెద్ద భవనానికి వర్తిస్తుంది. గడుల లెక్క నగరానికి వర్తిస్తుంది. ఊరి బస్టాండు పక్కన తాడు కట్టి, వేలంలో పాడుకొని, చీటీలు చించే పార్కింగు ఏ లెక్కలోకి వస్తుంది? దేవాలయం ముందరి మైదానం ఏ గడిలో పడుతుంది? మన ప్రాంతపు పార్కింగు అంటే ఇదే కదా!

"పల్లెటూళ్లలో ఈ బండ్లెన్ని, ఈ హంగామా ఎందుకు?" అని ఒక మిత్రుడు నన్ను ఎత్తిపొడిచాడు. బండ్లు లేవు కనుక ప్లగ్గు వద్దట, ప్లగ్గు లేదు కనుక ఎవరూ బండి కొనరట! చెట్టు ముందా, విత్తు ముందా అని కూర్చుంటే చెట్టూ ఉండదు, నీడా ఉండదు. పైగా హంగామా ఎక్కడున్నది? లక్షల రూపాయల వేగపు యంత్రాలు నేనడగడం లేదు. స్కూటరుకు ఇంట్లోని సాధారణ ప్లగ్గు చాలు. నిండా నింపితే మూడు నాలుగు యూనిట్లు. ఒక మీటరు, నాలుగు ప్లగ్గులు, వాన తగలని ఒక రేకు, అంతే. వేసవిలో చలివేంద్రం పెట్టే ఊరికి ఇది భారమా? చలివేంద్రంలో నీళ్లు ఉచితం. ఇక్కడ కరెంటుకు వెల కట్టి తీసుకోవచ్చు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. భూపాలపల్లి గనులలో సింగరేణి బొగ్గు తవ్వుతున్నది. చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం బొగ్గును మండిస్తున్నది. ఆ పొగ మనది, ఆ బూడిద మనది. బొగ్గు కరెంటుతో నడిచే బండి పూర్తిగా నిర్మలమైనదని నేను వాదించను. కాని బూడిదలో వాటా ఉన్నవాడికి ప్లగ్గులో వాటా ఎందుకుండదు?

2025 మే 15 నుండి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగినవి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నవి. మైదానాలు చదును చేస్తారు, పార్కింగు వేలం వేస్తారు. నేను కోరేది ఆ వేలం షరతులలో ఒక్క వాక్యం: నిలిపే ప్రతి నూరు వాహనాలకు ఇన్ని ప్లగ్గులు, మీటరుతో సహా, కాంట్రాక్టరే ఏర్పాటు చేయవలెను. సంఖ్య అధికారులే నిర్ణయించనీ. పాటదారుకు నష్టం లేదు, చీటీ మీద కరెంటు వెల వేరుగా వేసుకొంటాడు. పంచాయతీకి పైసా ఖర్చు లేదు. పుష్కరాలు ముగిశాక ఆ మీటరు, ఆ ప్లగ్గులు ఊరికే మిగులుతవి.

ఆ వాక్యాన్ని తప్పుల్లేని తెలుగులో వ్రాసిపెట్టే మనిషి కావలసివస్తే కాటారంలో నేనున్నాను. రుసుము అక్కరలేదు.