అడగని సరుకుకు అప్పేమిటి?

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి మా నాన్న ఒక బిల్లు ముందేసుకుని కూర్చున్నాడు. ఎవరో కంపెనీవాళ్ళు పోస్టులో పంట టానిక్కు సీసా పంపారు. మేం అడిగింది లేదు, రాసింది లేదు. వెంట 950 రూపాయల బిల్లు. దాని కింద, పది రోజుల్లో తిప్పి పంపకపోతే కొన్నట్లే భావిస్తామని ఒక వాక్యం. గడువు దాటాక రెండు తాఖీదులు కూడా వచ్చాయి.

"పోనీలేరా, ఇచ్చేద్దాం. ఒకళ్ళకి బాకీ ఉన్నానన్న మాట నాకొద్దు" అన్నాడు నాన్న.

"ఆగు నాన్నా, కనుక్కుని చెబుతా" అన్నాను.

నేను చదివేది కెమిస్ట్రీ, లా కాదు. అయినా కాలేజీకి వచ్చాక లైబ్రరీలో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం తిరగేశాను. ఒకరు ప్రతిపాదిస్తే, రెండోవారు సమ్మతి తెలిపితేనే ఒప్పందం. మౌనం అర్ధాంగీకారమన్న సామెత పెళ్ళిచూపుల్లో చెల్లుతుందేమోగాని వ్యాపారంలో చెల్లదు. "నువ్వు జవాబివ్వకపోతే గుర్రం నాదే" అన్న ధోరణిలో బంధువుల కుర్రాడికి ఉత్తరం రాసిన ఒక పెద్దాయనకు 1862లోనే ఇంగ్లండు కోర్టు ఈ సంగతి చెప్పింది. ఫెల్ట్‌హౌస్, బిండ్లీల కేసు అది. అమెరికాలోనైతే 1970లో చేసిన చట్టం ప్రకారం, అడక్కుండా పోస్టులో వచ్చిన సరుకును బహుమతిగా ఉంచేసుకోవచ్చు.

మన దగ్గర అంత ధీమా పనికిరాదు. వర్తకుడు పొరపాటున మనింట్లో వదిలిన సరుకును సొంతంలా వాడుకుంటే డబ్బు ఇవ్వాల్సిందేనని మన చట్టం 70వ సెక్షను ఉదాహరణతో సహా చెబుతోంది. అందుకే సీసా మూత తియ్యొద్దన్నాను. "మేము కోరలేదు, మీ ఖర్చుతో తీసుకుపొండి" అని స్పీడు పోస్టులో ఉత్తరం రాసి, నకలూ రసీదూ దాచాం. తరువాత తాఖీదు రాలేదు.

నా బాధ 950 రూపాయల గురించి కాదు. ఎగవేసేవాడికి ఇలాంటి బిల్లు పంపి లాభం లేదు. మాట పడకూడదనుకునే మనిషే వీళ్ళకు గిరాకీ. అంటే మా నాన్న నిజాయితీనే వాళ్ళు పెట్టుబడిగా పెట్టుకున్నారన్నమాట! ఈనాటి క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్ళదీ అదే కథ. హాస్టల్లో ఉన్న కొడుకు పేరున పార్సిలొస్తే, వాడే తెప్పించుకున్నాడనుకుని పాల డబ్బులు తీసిచ్చే తల్లులున్నారు.

మిత్రులారా! ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో రెండు ముక్కలు చెప్పండి. నన్నడగందే నా పేరున వచ్చిన పార్సిలుకు డబ్బు కట్టొద్దని ఒకటి. బెదిరిస్తే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు, ఫోను చెయ్యమని రెండోది. మన చదువు ఆ మాత్రమైనా ఇంటికి ఉపయోగపడకపోతే ఎందుకు?

సీసా ఇంకా మా ఇంటి గూట్లోనే ఉంది, సీలు తియ్యకుండా. వచ్చి తీసుకుపోవచ్చు.